వారానికి మూడు రోజుల పాఠం

మా మామయ్య పోయిన ఆదివారం కన్నుమూశారు. చర్చికి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మనిషి అలాగే మంచం మీదికి ఒరిగిపోయారు.

ఆయన చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశారు. కిడ్నీలు చెడిపోయాక సోమ, బుధ, శుక్రవారాల్లో బోధన్ నుంచి నిజామాబాద్‌కు డయాలసిస్. ఆయన కొడుకు, అంటే మా ఆయన, చెరుకు లారీ మీద ఉంటాడు కాబట్టి వెంట వెళ్లేది నేనే. నాలుగు గంటలు ఆయన కుర్చీలో, నేను పక్కన స్టూలు మీద. నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివాను. హైదరాబాద్ వెళ్లి కోచింగ్ తీసుకుంటానన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఒక్కోసారి ఆ గదిలో నాకు ఊపిరాడేది కాదు. ఆయన మీదే కోపం వచ్చేది. ఇప్పుడిది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

పాత ల్యాప్‌టాప్‌లో డబ్బు కట్టక్కర్లేని లినక్స్ సిస్టమ్ వేసుకుని, ఫోన్‌లో వీడియోలు చూస్తూ సొంతంగా నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇవాళ నెట్‌వర్క్, రేపు సర్వర్, ఎల్లుండి ఇంకేదో.

"మొన్న ఏం నేర్చినవ్ బిడ్డా?" అని ఒకరోజు మామయ్య అడిగారు.

చెప్పబోయాను. ఏమీ గుర్తురాలేదు.

"నాకు గా కంప్యూటర్ తెల్వది. గని బాయిలర్ కాడికి కొత్తోడొస్తే మొదటి రోజే వాల్వ్ ముట్టనియ్యకపోయెటోళ్లం. ఏ పైపు ఏడికెల్లి వస్తున్నది, ఏడికి పోతున్నది, ముందుగాల గా సంగతి చెప్పాలె. నువ్వు గూడ గట్ల వరుస పెట్టుకో."

ఆ రోజే నోటు పుస్తకంలో వరుస రాశాం. ముందు ఫైళ్లు ఎక్కడుంటాయి, ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి ఎలా వెళ్లాలి. తర్వాత ఫైలు తయారుచేయడం, తీసేయడం. ఆపైన ఏ ఫైలును ఎవరు ముట్టుకోవచ్చో చెప్పే అనుమతులు. చివర్లో, టైపు చేసే కమాండ్లను వరుసగా రాసిపెట్టే చిన్న చిన్న స్క్రిప్టులు. ప్రతి మెట్టూ నేను ఆయనకు తెలుగులో చెప్పాలి. ఆయనకు అర్థమైతేనే పేజీ తిప్పాలి. సూది ఉన్న చెయ్యి కదపకుండా రెండో చేత్తో టిక్కు పెట్టేవారు. ఒక కమాండ్ ఇచ్చిన ఫలితాన్ని ఇంకో కమాండ్‌కు పంపేదాన్ని పైపు అంటారని చెప్పినప్పుడు ఎంత నవ్వారో! "గిండ్ల గూడ పైపే ఉన్నదా?" నర్సు తిరిగి చూసింది.

ఒకసారి తప్పు కమాండ్ కొట్టి, చనిపోయిన మా అత్తమ్మ పాడిన కీర్తనల రికార్డింగులన్నీ ల్యాప్‌టాప్‌లోంచి తుడిచేశాను. వేరే కాపీ లేదు. ఏడుస్తూ చెప్పాను. ఆయన నోటు పుస్తకం దగ్గరికి లాక్కున్నారు.

"కాపీ తీసి దాసుడు ముందల, తీసేసుడు ఎనుక. వరుస మార్చు" అన్నారు. మళ్లీ ఎన్నడూ ఆ విషయం ఎత్తలేదు.

వరుస పూర్తయ్యాక హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూ వచ్చింది. బుధవారం. నేను వెళ్లలేదు. తెలిసి కోప్పడ్డారు.

"నాకోసం ఆగిన్నని ఇంకెప్పుడు అనకు బిడ్డా. గా మాట నేను మొయ్యలేను."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. శుక్రవారం కుర్చీలో కూర్చున్నాక నోటు పుస్తకం నా ముందుకు తోశారు. "సదువు, నేనింట."

మొన్న ఆ కంపెనీ వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. ఏ రోజు రాగలరని అడిగారు.

"ఏ రోజైనా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆ మాట నా చెవిలోనే ఉండిపోయింది. పెరట్లో తీగ మీద మామయ్య దుప్పటి ఉంది. డయాలసిస్ జరుగుతుంటే చలి పుడుతుందని ప్రతిసారీ సంచిలో పెట్టుకుని వెళ్లేదాన్ని. ఎండకు ఎప్పుడో ఆరిపోయింది. ఇంకా తీయలేదు.