జమ్ములమ్మ గంజీఫా కాయిదాలు

మల్దకల్ జమ్ములమ్మకు గంజీఫా ముక్కలు పంచే ముందు ఆ ఆట ఎలా పుట్టిందో చెప్పనిదే చేతులు ఆడేవి కావు. ఒకసారి చెప్పిన పుట్టుక మళ్ళీ చెప్పేది కాదు. ఇక ఆట సగంలోకి వచ్చేసరికి ఆమె నోటి నుంచి ఒక కొత్త కాయిదా, అంటే ఆట నియమం, ఊడిపడని రోజంటూ లేదు. పుట్టుకలు మారుతున్నా, కాయిదాలు పెరుగుతున్నా ఆమె ముఖంలో మాత్రం తొణుకూ బెణుకూ ఉండదు. దేవుడే కిందికి దిగివచ్చి చెవిలో చెప్పి వెళ్ళాడన్నంత ధీమా.

ఈ సంగతి సరోజకు పెళ్ళిచూపుల నాడే కొంత తెలిసింది. వనపర్తిలో వాళ్ళింటికి పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్ళలో కాబోయే అత్త బాలమ్మ, వంట వచ్చునా, పాలు పితకడం వచ్చునా అని అడుగుతోంది. బాలమ్మకు తోడికోడలూ, ఆ ఇంటి పెద్దకోడలూ అయిన జమ్ములమ్మ మాత్రం సరోజ చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఏళ్ళు పొడుగున్నయ్. నలభై ముక్కలు పడ్తయి," అంది తృప్తిగా.

సరోజ తండ్రి కురుమూర్తి కంగారు పడ్డాడు. "ముక్కలేందమ్మా? మాది గసొంటి ఇల్లు గాదు."

"మాది గూడ గాదు. ఇది జూదం గాదయ్యా, దేవుళ్ళ ఆట. ముగ్గురు గావాలె. మా అత్త సచ్చిపోయినకాంచి మేమిద్దరమే మిగిలినం. పిల్ల మాకు నచ్చింది."

బాలమ్మ ఇంకా వంట దగ్గరే ఉంది. సంబంధం మాత్రం అక్కడే ఖాయమైపోయింది.

కాపురానికి వచ్చిన సరోజకు అత్త అంటే హడల్. బాలమ్మ చెడ్డది కాదు గానీ, ఒకసారి అన్న మాటను వెనక్కి తీసుకునే అలవాటు ఆమె వంశంలోనే లేదు. ఓసారి పొరపాటున మంగళవారాన్ని బుధవారం అంది. ఆ వారమంతా ఇంట్లో బుధవారం లెక్కనే నడిచింది. మామ మాసయ్య ఒకరోజు ముందే సంతకు వెళ్ళి, ఖాళీ మైదానం చూసి, నోరు మెదపకుండా తిరిగొచ్చాడు.

పొలం పనులు తెమిలిన ఒక మధ్యాహ్నం జమ్ములమ్మ చాప పరిచి, చెక్కపెట్టె తెచ్చి, సరోజను పిలిచింది. అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు చుక్కకు కరువు. అందుకే ఆట పట్టపగలే సాగాలి. పెట్టెలోంచి గుండ్రటి ముక్కలు బయటపడ్డాయి. గుడ్డ మీద గుడ్డ చింతగింజల జిగురుతో అతికించి, రంగులేసి, లక్క పూసినవి. గద్వాల కోటలో పనిచేసిన జమ్ములమ్మ తండ్రికి ఎవరో ఇచ్చారట. అందులో వరాహస్వామి రాజును ఎప్పుడో ఎలుక కొరికేసింది. దాని బదులు జమ్ములమ్మ ఎండిన సొరబుర్ర చిప్పను గుండ్రంగా కోసి, మసితో వరాహం బొమ్మ గీసింది. అది అచ్చం ఎనుములాగే వచ్చింది.

"ఈ ఆట ఎట్ల పుట్టిందంటే," అంటూ మొదలుపెట్టింది జమ్ములమ్మ. "వైకుంఠంల ఓనాడు లచ్చుమమ్మకు కోపమొచ్చింది. 'ఊకె కిందికి పోతవు, వస్తవు. ఇన్నిమాట్ల పోయి ఏం చేసొచ్చినవో ఒక్కనాడన్న చెప్పినవా?' అన్నది. సామి నోటితోని చెప్తే అయ్యేది గాదని ఆకుల మీద బొమ్మలు గీసి ముందటేసిండు. చాపైన కత ఒకటి, తాబేలైన కత ఒకటి. గవే ఈ ముక్కలు."

"మొన్న పక్కింటి సత్తెమ్మకు ఇంకోటి చెప్పినవు గదా అక్కా," అంది బాలమ్మ. "రాజు గురక పెడ్తుంటే నిద్రపట్టక రాణి కనిపెట్టిందని?"

"గది గూడ నిజమే. రాణికి ఆ ఆకులు దొరికినయ్."

ఆట వరస సరోజకు త్వరగానే పట్టుబడింది. పది అవతారాలు. ఒక్కో అవతారానికి ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. మొత్తం నూట ఇరవై ముక్కలు, మనిషికి నలభై. పగలైతే రాముడి రాజు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు మొదలుపెట్టాలి, రాత్రయితే కృష్ణుడి రాజు ఉన్నవాళ్ళు. ఒకరు వేసిన ముక్కను అదే అవతారంలో పెద్ద ముక్కతో కొడితే ఆ పట్టు కొట్టినవాళ్ళది. కొట్టకుంటే వేసినవాళ్ళదే. చివరికి ఎవరి దగ్గర పట్లు ఎక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే సగం అవతారాల్లో పది అంకె పెద్దది, మిగతా సగంలో ఒకటి పెద్దది. ఏ సగం ఏదన్నది జమ్ములమ్మను అడగాలి.

"గంజీఫా గంజీఫా అంటే పొయ్యి మీద గంజి అయితదా?" అని గొణిగింది బాలమ్మ. గొణుగుతూనే నలభై ముక్కలూ విసనకర్రలా విప్పి పట్టుకుంది. అందులో సొరబుర్ర చిప్ప వెనకనుంచి కూడా స్పష్టంగా తెలిసిపోతోంది.

సరోజకు నవ్వాగలేదు. "అత్తమ్మా, వరాహం రాజు మీకాడున్నడు."

"సూసినోళ్ళు సూడనట్టు ఉండాలె," అంది జమ్ములమ్మ గంభీరంగా. "కాయిద."

బాలమ్మ ఆటలో గట్టిదే. పట్లు దండిగా ఎత్తుకునేది. కానీ గెలుపు చేతికి అందే ఘడియలో ఏదో ఒక కాయిదా అడ్డం పడేది. ఓరోజు సూర్యుడు మబ్బు చాటుకు పోయాడు.

"మబ్బు పట్టింది. రాత్రి కింద లెక్క. మల్ల కృష్ణునితోని మొదలువెట్టాలె," అంది జమ్ములమ్మ.

"నేను గెలుస్తున్న గదా! ఎన్నడు పెట్టిన్రు ఈ కాయిద?"

"కాయిద ఎనుకటిదే. చెప్పే మోక ఇయ్యాలొచ్చింది."

ఇంకో రోజు కోడి అరిచింది. కల్కి గుర్రం బెదిరిందని, పట్లు లెక్కకు రావని తీర్పు. మరోసారి బాలమ్మ పరశురాముడి మంత్రిని వేసి ఆనందంగా తొడ చరిచింది. తొడ చరిస్తే పట్టు ఎదుటివాళ్ళదట. బాలమ్మ నాలుగు రోజులు ముక్కలు ముట్టలేదు. ఐదో రోజు తనే చాప పరిచింది.

సరోజకు నెల తప్పాక కాయిదాలు మరీ జోరందుకున్నాయి. ఆట మొదలై రెండు పట్లు ఎత్తారో లేదో బాలమ్మ అనేది, "సరోజా, జర లేచి నీళ్ళు తోడి పెట్టు, ఎడ్లొచ్చే యాళ్ళయింది."

"కూసో బిడ్డా," అనేది జమ్ములమ్మ. "కడుపుతోనున్న మనిషి ఆట నడుమ లేవొద్దు. వామనుడు కాలెత్తినంక ఆగినట్టయితది. ఎత్తిన కాలు ఎవరి నెత్తిన వెడ్తడో ఎవరికి తెల్సు?"

బాలమ్మ తన నెత్తి తడుముకుని, తానే లేచి వెళ్ళి నీళ్ళు తోడేది. తిరిగొచ్చేసరికి ఇంకో కాయిదా. గర్భిణి గోడకు ఆనుకునే ఆడాలి, కాళ్ళు చాపుకునే ఆడాలి, రాజు చేతిలో ఉన్నంతసేపు ఏదో ఒకటి నములుతూ ఉండాలి. ఒడి నిండా వేయించిన పల్లీలతో, గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, సరోజ మనసులో అనుకునేది కదా, పెద్దత్తమ్మకు ఈ ఆట పిచ్చి ముదిరిపోయిందని. ఆమె మీద జాలి కూడా పడేది.

ఏడో నెల వచ్చింది. పుట్టింటికి తీసుకుపోదామని కురుమూర్తి వచ్చాడు. బాలమ్మ పంపనంది. కారణం పెద్దదేం కాదు. ఎప్పుడో నడివీధిలో అమ్మలక్కల ముందు, "నా కోడలి కాన్పు నా ఇంట్లనే. ఎక్కడికి పంప," అనేసింది. అన్నాక ఇక అంతే. కురుమూర్తి చేతులు నులుముకుంటూ వెళ్ళిపోయి, నెలాఖరుకు మళ్ళీ వచ్చాడు. ఎనిమిదో నెల పడితే ప్రయాణం చేయించరు. తొమ్మిదిలో గద్వాల స్టేషన్ దాకా బండి కుదుపులు, ఆపైన రైలు, వల్లకాని పని. పోతే ఇప్పుడే పోవాలి.

"తొలి కాన్పు తల్లికాడ గావాలెనని పిల్లకుంటది గదమ్మా," అన్నాడాయన, నిలబడే.

"ఈడ మేం లేమా? అన్నమాట అన్న. దానికి తిరుగులేదు."

సరోజ మొగుడు హన్మంతు తల్లి వైపు చూసి, భార్య వైపు చూసి, చివరికి ఎడ్ల వైపు చూశాడు. సరోజ లోపలికి వెళ్ళి తలుపు చాటున కళ్ళు తుడుచుకుంది. అమ్మ చేతి కారప్పొడి వాసన, అమ్మ గొంతు, ఏవేవో గుర్తొచ్చాయి. నిజానికి ఆమెకు భయంగా ఉంది. ఆ భయం చెప్పుకోవడానికి అమ్మ తప్ప ఎవరూ తోచలేదు.

అప్పుడే జమ్ములమ్మ పెట్టెతో దిగింది. "కురుమూర్తన్నా, ఎండ తగ్గినంక పోదువు. పోయే లోపల మేమొక్క ఆట ఆడుకుంటం. సత్తెమ్మా, నువ్వు గూడ రా, సూద్దువు," అని పక్కింటావిడను కేకేసింది. పంచేటప్పుడు ఆ రోజు ఆట పుట్టుక చెప్పనే లేదు. బాలమ్మ ఆశ్చర్యంగా చూసింది.

ఆట ఎన్నడూ లేనంత సాఫీగా సాగింది. మబ్బు పట్టింది, జమ్ములమ్మ తలెత్తి చూడలేదు. కోడి అరిచింది, ఆమె వినలేదు. బాలమ్మ నరసింహస్వామి తొమ్మిదిని భయపడుతూ వేసింది. జమ్ములమ్మ చేతిలో దాన్ని కొట్టే పది ఉంది. సరోజకు వాలుగా కనబడుతూనే ఉంది. జమ్ములమ్మ దాన్ని పక్కకు నెట్టి, ఎవరూ కొట్టలేని కృష్ణుడి రాజును తీసి చెత్త ముక్కలా పడేసింది.

"పెద్దత్తమ్మా, అది రాజు!"

"అవునా? కండ్లు మసకలొచ్చినయ్ బిడ్డా."

తర్వాత సరోజ ఓ పట్టు కొట్టబోతే చాప అంచున తన కాలి బొటనవేలి మీద ఏదో బరువు పడింది. చూస్తే జమ్ములమ్మ మడమ. ముఖం మాత్రం ఆకాశం వైపు ఉంది. సరోజ ఆ ముక్క లోపల పెట్టుకుని, పనికిరానిది వేసింది.

ఆట ముగిసింది. పట్లు లెక్కపెట్టారు. బాలమ్మ రెండోసారి లెక్కపెట్టింది, తర్వాత సత్తెమ్మతో లెక్కపెట్టించింది. సందేహం లేదు. ఇన్నేళ్ళకు మొదటిసారి బాలమ్మ గెలిచింది! లేచి, కొంగు నడుముకు చుట్టి, అరుగు మీది మగవాళ్ళ దగ్గరికే పరుగెత్తింది.

"ఓ హన్మంతుగా! గెలిచిన్రా! మీ పెద్దమ్మను ఓడగొట్టిన!" వీధిలో పోతున్నవాళ్ళు కూడా ఆగారు.

జమ్ములమ్మ పీట తెచ్చి అరుగు మధ్యన వేసింది. "కూసో చెల్లే. గెలిచినోళ్ళే రాజు. నువ్వు రాజువైనవ్."

బాలమ్మ కూర్చుంది. కూర్చున్న తీరు చూస్తే ఆ పీట నుంచి ఆమెను కదిలించడం నైజాం సర్కారు తరం కూడా కాదు.

"రాజైనోళ్ళు ఓడినోళ్ళల్ల చిన్నదానికి ఒక వరమియ్యాలె," అంది జమ్ములమ్మ.

బాలమ్మ ముఖం మారింది. "ఎన్నడు పెట్టిన్రు ఈ కాయిద?"

"ఎనుకటిదే. నువ్వెన్నడన్న గెలిస్తే గదా చెప్పేది?"

సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వరమియ్యకుంటే గెలుపు చెల్లదు. ముక్కలు మల్ల కలుపుత," అంటూ జమ్ములమ్మ చెయ్యి చాపింది. బాలమ్మ తన పట్లన్నీ రెండు చేతులా గుండెకు హత్తుకుంది.

"అడుగే," అంది కోడలితో. "జర సూస్కోని అడుగు."

సరోజ తండ్రి వైపు చూసింది. జమ్ములమ్మ ఆమె వీపు మీద చిన్నగా పొడిచింది.

"అమ్మకాడికి పోత అత్తమ్మా."

బాలమ్మ కోడలి ముఖం చూసింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ఆ కళ్ళను ఆమె అప్పుడే గమనించినట్టుంది. చేతిలో ముక్కల వైపు చూసింది. తర్వాత వీధి వైపు చూసి, గొంతు పెంచి అంది.

"పో బిడ్డా. బాలమ్మ అన్నమాట అన్నదే. బాలమ్మ పంపుతలేదు. రాజు పంపుతుండు."

కురుమూర్తి బండి కట్టించేలోపు బాలమ్మే కోడలికి మూటలు సర్దింది. పల్లీల ఉండలు, పాత మెత్తటి చీరలు, తన పెళ్ళినాటి దుప్పటి. ముక్కలు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుంది.

బండెక్కబోతూ సరోజ ఆగింది. ఒడిలో పల్లీలు, చాచిన కాళ్ళు, వామనుడి పాదం, ఒక్కొక్కటే తిరగబడి వేరే అర్థంతో కనబడుతున్నాయి. అంతకంటే ముందు ఇంకో సంగతి తట్టింది.

"పెద్దత్తమ్మా, నేను పోతే మీరిద్దరే అయితరు. ఆట ఎట్ల? ఇద్దరాడే కాయిద ఉన్నదా?"

జమ్ములమ్మ జవాబు కోసం వెతుక్కోవడం సరోజ అదే మొదటిసారి చూసింది.

"లేదు బిడ్డా," అంది చివరికి. "ముగ్గురు గావాలె. గదొక్కటి నిజం." వెంటనే బండివాడి మీద అరిచింది, "ఏం సూస్తున్నవు? మెల్లగ తోలు! ఎడ్లు ఉరికితే నీ పని సెప్త!"

వనపర్తిలో సరోజకు ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. కబురందిన వారానికి హన్మంతు వచ్చాడు. పిల్లను చూసి మురిశాడు, వేళ్ళు లెక్కపెట్టాడు. "పొడుగున్నయ్," అన్నాడు దిగులుగా. కూర్చుని నడుము పట్టుకున్నాడు.

"గట్లున్నవేంది? పానం బాగలేదా?"

"ఏం బాగు? నువ్వు పోయిన తెల్లారే నన్ను మూడో మనిషిని జేసిన్రు. పొలం పోనిస్తలేరు. మొన్న నేను గెలుస్తుంటి సరోజా, ఒక్క పట్టు తక్కువ. పెద్దమ్మ లేచి, పెండ్లాం పుట్టింట్ల ఉన్నోడు గెలువొద్దు, కాయిద అన్నది."

సరోజకు నవ్వు వస్తోంది. "అత్తమ్మ ఊకున్నదా? ఎన్నడు పెట్టిన్రని అడగలేదా?"

"నేనడిగిన. అమ్మనే జవాబు చెప్పింది," అన్నాడు హన్మంతు దీనంగా. "'ఎనుకటిదేరా. నేను కాపురానికొచ్చినప్పటికెల్లి ఉన్నది' అన్నది."