మర్యాదకు మానేసిన ఉద్యోగం

మొన్న కనాటా అనే ఊరి నుంచి మా మేనకోడలి భర్త ఫోన్ చేశాడు. టెలికం కంపెనీలో ఉద్యోగం పోయిందట, ఈఐకి, అంటే పని పోయినవాళ్లకి గవర్నమెంట్ ఇచ్చే బీమాకి, అప్లై చేయమని మా మేనకోడలు పోరుతున్నా అతనికి మనసొప్పడం లేదట. “అది గవర్నమెంట్ ముందు చెయ్యి చాచడమే కదా మావయ్యగారూ” అన్నాడు. ఇల్లు కాలితే ఇన్సూరెన్స్ అడగడానికి సిగ్గుపడతామా నాయనా, ఇదీ ప్రతి జీతంలోనూ నీ దగ్గర కోసుకున్న బీమాయే కదా అని నచ్చజెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, ఆ తర్వాత ఒకచోట కూర్చోలేకపోయాను. కిటికీకీ వంటింటికీ మధ్య తిరుగుతుంటే, మళ్లీ ఏమొచ్చింది మీకు అని మా ఆవిడ విసుక్కుంది. ఏమీ రాలేదు, ఒకప్పుడు సస్కటూన్‌లోని ఈ ఇంట్లోనే కింద బేస్‌మెంట్‌లో అద్దెకున్న కాకినాడ అమ్మాయి గుర్తొచ్చింది.

అవి స్టూడెంట్ వీసాల మీద మన పిల్లలు ఇంత చలి ఊరికి కూడా గుంపులుగా దిగుతున్న రోజులు. సిటీ బస్సులో వెనక సీట్ల నుంచి గోదావరి మాట, కిరాణా షాపులో అరలు సర్దేచోట వరంగల్ మాట వినిపించేవి. విజయవాడలో పత్రికాఫీసు డెస్కు మీద సగం జీవితం గడిపి, నడివయసులో ఇక్కడికొచ్చి ప్రింటింగ్ ప్రెస్సులో చేరిన నాకు ఆ మాటలు వింటే సంతోషంగానూ ఉండేది, ఎందుకో కంగారుగానూ ఉండేది. పిల్లలు పెరుగుతున్నారు, పనులు పెరగడం లేదు.

మా బేస్‌మెంట్ అమ్మాయి అప్పటికి చదువు పూర్తిచేసి, వర్క్ పర్మిట్ తెచ్చుకుని, అకౌంట్స్ ఉద్యోగాలకి అప్లై చేస్తూ ఊళ్లోని దోశల హోటల్‌లో పూర్తిరోజు పనిచేసేది. హోటల్ యజమాని కరీంనగర్ వైపు మనిషి, ఊళ్లో తెలుగు పిల్లలందరికీ అంకుల్. ఆయన మంచివాడే, ఆ మంచితనంతోనే చిక్కొచ్చింది. ఊరి నుంచి ప్రతి తల్లీ తండ్రీ ఆయనకే ఫోన్ చేసి మావాడికి ఒక షిఫ్ట్ ఇప్పించన్నా అంటుంటే కాదనలేక, ఒకరోజు ఈ అమ్మాయిని పక్కకు పిలిచి, “నీ చదువైపోయింది గదా బిడ్డా, నీకు పెద్ద జాబ్ ఒస్తది. కొత్త పిల్లలొచ్చిన్రు, రేపటి సంది వాళ్లకిస్తున్న” అన్నాడట. పెద్దాయన తల దించుకుని నిలబడితే చూడలేక ఈ పిల్ల, “పర్లేదు అంకుల్, నేనే మానేస్తాలెండి” అందట. ఆయన ప్రాణం తేలికపడింది. ఉద్యోగం ముగిసినప్పుడు యజమాని ప్రభుత్వానికి పంపే రికార్డులో తనే మానేసింది అని రాసి పంపాడు.

ఈఐలో అసలు మెలిక అక్కడే ఉంది. పనిచేసిన గంటలు సరిపోవాలి, కొత్త పని వెతుకుతూ దొరికితే చేరడానికి సిద్ధంగా ఉండాలి, అవన్నీ ఆమెకున్నాయి. కానీ సరైన కారణం లేకుండా తనంతట తానే మానేసిన వాళ్లకు డబ్బు రాదు. రాదనే కబురొచ్చింది. మళ్లీ పరిశీలించమని గడువులోగా అడగవచ్చు, అడిగించాను. ఆఫీసరు ఫోన్ చేసి నువ్వే మానేశావా అంటే ఈ మహాతల్లి అవునండీ అంది. మళ్లీ రాదన్నారు. అదేంటమ్మా అంటే, “తీసేశారని ఎలా చెప్తానండీ, అంకుల్‌కి చెడ్డపేరు కదా” అని నన్నే ఎదురడిగింది. ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఊళ్లో నిలబడాలంటే ఆమెకు ఆ బీమా తప్ప వేరే దారి లేదు. నెలాఖరుకి సామాను సర్దుకుని కాకినాడ వెళ్లిపోతానని మా ఆవిడతో చెప్పి ఏడ్చిందట.

నాకు కాళ్లు నిలవలేదు. మిగిలిన మెట్టు, ఇలాంటి అప్పీళ్లు వినే ట్రిబ్యునల్. దానికి లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో మాట్లాడవచ్చు, సాక్షిని కూడా పిలవవచ్చు. అప్పీలు నడుస్తున్నా, ఇంకా పని దొరకలేదని రెండు వారాలకోసారి పంపే రిపోర్టులు ఆపకూడదని కూడా తెలుసుకుని ఆమె చేత పంపిస్తూనే ఉన్నాను. ఇక సాక్షి. అంకుల్‌ని అడగడానికి ఆమె ససేమిరా అంది గనుక నేనే వెళ్లాను.

“ఏందన్నా, నా మీద కేసా?” అన్నాడు, గరిటె చేతిలోనే ఉంది. నీ మీద కాదయ్యా అంటే నమ్మలేదు. “నేను తీసేసిన్నంటే ఆ పైసలు నా గల్లాలకెల్లి గుంజుతరంట గదా?” అన్నాడు. అప్పుడర్థమైంది ఆయన భయం. నీ వంతూ ఆమె వంతూ ప్రీమియం ఎప్పుడో కట్టేశారు, ఇప్పుడు నువ్వు కొత్తగా కట్టేది ఒక్క డాలరు లేదని చెప్పాను. గరిటె పక్కన పెట్టి, “పైసలు గాదన్నా, ఎల్లగొట్టిన అని నా నోటితోని ఎట్లనాలె?” అన్నాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

విచారణ రోజు మా భోజనాల బల్ల మీద స్పీకర్ పెట్టుకుని కూర్చున్నాం. రాడేమో అనుకున్న అంకుల్ లైన్‌లోకి వచ్చి నమస్తే మేడమ్ అన్నాడు. విచారణ చేసే ఆవిడ నెమ్మదైన మనిషి. ఆవిడ అడిగింది ఒక్కటే. మర్నాడు కూడా పనికి వెళ్లే అవకాశం నీకు ఉందా, లేదా? ఉండడమా మానడమా అన్నది నీ చేతిలో లేకపోతే, నువ్వు మానేసినట్టు కాదు. అంత సూటి ప్రశ్నకి ఈ అమ్మాయి అంకుల్ చాలా మంచివారనీ, పండక్కి బట్టలు పెట్టారనీ ఏకరువు పెట్టింది. నేను కలగజేసుకోబోతే మా ఆవిడ నా చొక్కా పట్టి లాగింది. విచారణ చేసే ఆవిడ ఓపికగా మళ్లీ అదే అడిగింది. అమ్మాయి బల్ల అంచు పట్టుకుని ఇంగ్లీషులో, మెల్లగా, రేపటి నుంచి రావొద్దన్నారు మేడమ్, నాకు మానేయాలని లేదు అంది.

ఆయన ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను.

“యెస్ మేడమ్. నో షిఫ్ట్ ఫర్ హర్. షి ఈజ్ లైక్ మై డాటర్, హౌ కెన్ ఐ సే ఫైర్డ్?” అన్నాడు అంకుల్.

తీర్పు ఆమె వైపే వచ్చింది. రిపోర్టులు ఆపలేదు గనుక గడిచిన వారాల డబ్బూ వచ్చింది. మంచు కరిగేలోగా దూరాన బర్నబీ అనే ఊళ్లో అకౌంట్స్ ఉద్యోగం దొరికింది. వెళ్లేముందు హోటల్‌కి వెళితే అంకుల్ టిఫిన్ పెట్టి డబ్బు తీసుకోలేదట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదట.

ఇప్పుడు వీసాలు బిగిశాయి, బస్సులో వెనక సీట్లు నిశ్శబ్దంగా ఉంటున్నాయి, మా బేస్‌మెంట్ ఖాళీ. అమ్మాయి ఫోన్ చేస్తూనే ఉంటుంది. క్రిస్మస్‌కి రామ్మా అంటే, “ఈసారి రాలేనండీ, ఆ వారం నాకు ఆఫీసు పనుంది” అంది. ముక్కుసూటి మాట, తప్పు పట్టడానికేమీ లేదు, అలా మాట్లాడమని వెంటపడింది నేనే. వెళ్లిన కొత్తలో అయితే “చూస్తానండీ” అనేది. అంటే రానని మా ఇద్దరికీ తెలుసు. తెలిసినా మా ఆవిడ కిందగదిలో దుప్పట్లు ఉతికి, మడతపెట్టి ఉంచేది. ఈ డిసెంబరులో ఉతకలేదు.