దాటరాని కాళ్ళు

ఎండలంటే నాకు భయం లేదు. పాలమూరు ఎండలో పుట్టి, ఆ ఎండలోనే తలకు కొంగు చుట్టుకుని వేరుశనగ పీకినదాన్ని. బొంబాయి సంబంధం కుదిరినప్పుడు మా అమ్మ, "సముద్రం పక్కన ఊరంట బిడ్డా, సల్లగుంటది" అని ధైర్యం చెప్పింది. పాపం, ఆమె మాత్రం సముద్రం ఎప్పుడు చూసింది! మా ఊరి ఎండ మాడ్చేస్తుంది, అంతే. బొంబాయి ఎండ మూతపెట్టి ఉడకేస్తుంది. స్నానం చేసి చీర కట్టుకునేలోపే రవిక తడిసిపోయేది. ఆ చెమట ఆరదు, కారదు, ఒంటికి జిగురులా పట్టుకుని ఉంటుంది. ఎనభైల్లో, నా పెళ్ళయిన ఏడాది, వైశాఖంలో ఒక వారంపాటు సముద్రం గాలి కూడా పూర్తిగా ఆగిపోయింది. నేను చెప్పేది ఆ వారం సంగతే.

కామాటిపురలో మా చాల్ మూడంతస్తుల పాత కట్టడం. మా ఖోలీ రెండో అంతస్తులో, మెట్లు ఎక్కగానే మొదటిది. ఒకటే గది. అందులో అత్తమ్మ, మామ, నా భర్త, నేను. గదులన్నిటి ముందూ పొడుగ్గా ఒక గ్యాలరీ, ఆ గ్యాలరీకి అటు చివర సండాసులు. అంటే డబ్బాలో నీళ్ళు పట్టుకుని, మా గడప దగ్గర బయలుదేరి, అందరి గుమ్మాలూ దాటుకుంటూ ఆ చివరికి వెళ్ళాలి. కొత్తకోడలు చేతిలో డబ్బా పట్టుకుని నడిచిందంటే ఎక్కడికి పోతున్నదో ఎవరికీ చెప్పనక్కర్లేదు కదా! మామూలు రోజుల్లో మగవాళ్ళు పనులకు పోయాక, తల వంచుకుని, గోడ వారగా గబగబా పోయి వచ్చేదాన్ని. పోయి వచ్చిన ప్రతిసారీ ఏదో దొంగతనం చేసినట్టు ఉండేది.

ఆ వారం అదీ లేకుండా పోయింది. మావాళ్ళంతా కట్టుబడి పనివాళ్ళు. ఎండ దెబ్బకు మధ్యాహ్నం పనులు ఆపేసి, పొద్దున్నా సాయంత్రమూ చేయమన్నారు మేస్త్రీలు. రాత్రి డ్యూటీ మిల్లువాళ్ళు ఎటూ పగలు ఇంట్లోనే ఉంటారు. గాలి ఆడని గదులు పొయ్యిలా కాలుతుంటే లోపల ఎవడు పడుకుంటాడు? అందరూ చాపలు తెచ్చి గ్యాలరీలో పరిచేశారు. ఈ గోడకు తల, ఆ కటకటాలకు కాళ్ళు. బనియన్లు కూడా విప్పేసి, మీద తడిగుడ్డ వేసుకుని, ఒకరి పక్కన ఒకరు. అడుగు పెట్టే సందు లేదు. ఆ వరసలో అందరికంటే ముందు, మా గడపకు అడ్డంగా, మా మామ.

మామ కాళ్ళు దాటి పోవాలా? మనిషిని దాటితేనే పాపం అంటారు మావాళ్ళు, అందులోనూ పెద్దవాళ్ళను! చిన్నప్పుడు పడుకున్న మా తాతను దాటానని మా అమ్మ మళ్ళీ వెనక్కి దాటించి, చెంపలు వేయించి, కాళ్ళకు మొక్కించింది. సరే, దాటకుండా "మామా, జర కాళ్ళు తియ్యుండ్రి" అని లేపాలా? చేతిలో డబ్బా పెట్టుకుని? ఆయన తర్వాత ఇంకొకాయన్ని, ఆ తర్వాత ఇంకొకాయన్ని, చివరిదాకా ఒక్కొక్కరినే లేపుకుంటూ? అమ్మో! తలుచుకుంటేనే చెవులు వేడెక్కేవి.

ఇంట్లో మోరీ ఉంది కదా అనొచ్చు మీరు. మోరీ అంటే గది మూలన మోకాలెత్తు గట్టు కట్టిన స్నానాల చోటు. దానికి పాత చీర పరదా. ఆ గట్టు మీదే తాగే నీళ్ళ హండా, పైన గోడకు దేవుడి పటాలు. స్నానం తప్ప అక్కడ ఇంకేదీ కూడదని అత్తమ్మ నేను వచ్చిన మొదటిరోజే చెప్పింది. చెప్పకపోయినా, చేయి చాస్తే అందేంత దూరంలో గడప అవతల మామ పడుకుని ఉంటే నావల్ల అయ్యేదా? చచ్చినా కాదు.

నా భర్తతో ఇలాంటివి చెప్పుకునేంత చనువు ఇంకా రాలేదు. పోనీ, అత్తమ్మతో చెప్పొచ్చు కదా! అక్కడే వచ్చింది భయం. మా పక్క చాల్‌లో ఒక కోడలు నా కంటే కొంచెం ముందే వచ్చింది. ఊరికే జ్వరపడుతున్నదని, బొంబాయి నీళ్ళు పడలేదని, ఊరికి తోలేశారు. మళ్ళీ తీసుకురాలేదు. వాళ్ళాయనకు వేరే సంబంధాలు చూస్తున్నారని నీళ్ళ నల్లా దగ్గర ఆడవాళ్ళు గుసగుసలాడుకునేవారు. నాకైతే ఇంకో బాధ కూడా. కామాటిపుర పక్క సందుల్లో సానికొంపలుంటాయి కదా, ఆ పేరు వింటే మా ఊళ్ళో బొంబాయి పోయివచ్చిన మగవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. అందుకని మా నాన్న పెళ్ళిలో అందరితో "గ్రాంట్ రోడ్ టేషన్ పక్కనే మా అల్లునిల్లు" అని చెప్పుకున్నాడు. రెండు నెలలకే కూతురు కామాటిపుర నుంచి తిరిగొచ్చిందంటే ఊళ్ళో నోళ్ళు ఊరుకుంటాయా? నన్ను ఏమనుకుంటారో, మా నాన్నను ఏమని అడుగుతారో! తిరిగి పోవడం కంటే ఏదైనా నయమే అనిపించింది నాకు.

అందుకని నాకు తోచిన ఉపాయం నేను చేశాను. నీళ్ళు తాగడం మానేశాను.

తెల్లవారుజామున నల్లా వచ్చే వేళకు అందరూ చాపలు చుట్టి లేస్తారు. ఆ గందరగోళంలో ఒకసారి పోయి వచ్చేదాన్ని. మళ్ళీ పొద్దుగూకాక, మగవాళ్ళు పని ముగించి వచ్చి కింద చాయ్ హోటల్ దగ్గర చేరినప్పుడు ఇంకోసారి. ఆ మధ్యలో గొంతు తడుపుకోవడానికి ఒక గుక్క, అంతే. అత్తమ్మ మజ్జిగ ఇస్తే తాగినట్టు చేసి మోరీలో పారబోసేదాన్ని. నాలుక అట్ట కట్టింది. తల దిమ్ముగా ఉండేది. పొయ్యి ముందు కూర్చుంటే కళ్ళ ముందు నల్ల చుక్కలు తిరిగేవి. అయినా పంతమే! ఎండలు తగ్గేదాకా ఓర్చుకుంటే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు అనుకున్నాను. ఎంత తెలివో చూడండి.

ఒక మధ్యాహ్నం రొట్టెలు చేస్తూ చేస్తూ పక్కకు ఒరిగిపోయాను.

కళ్ళు తెరిచేసరికి నా మొహం మీద తడిచేత్తో తుడుస్తూ అత్తమ్మ, ఆమె వెనక పక్క ఖోలీ వదిన, ఆమె వెనక గుమ్మం నిండా ఆడవాళ్ళు. అందరూ నవ్వుతున్నారు. నాకు అర్థం కాలేదు.

వదిన అత్తమ్మ భుజం తట్టి, "ఇంకేంది పెద్దమ్మా, నాయనమ్మవైతున్నవ్! పేడాలు తినిపియ్యి" అన్నది.

కొత్తకోడలు కళ్ళు తిరిగి పడిందంటే అంతకంటే వేరే కారణం ఉంటుందని ఆ చాల్‌లో ఎవరికీ తోచలేదు. ఆ నెల నేను దూరం కూర్చోలేదని అత్తమ్మకు తెలుసు. ఒకే గదిలో అలాంటివి దాగవు. అవునో కాదో నాకే తెలియదు. కాదంటే మరి ఎందుకు పడ్డావంటారు. ఏం చెప్పను? నోరు మూసుకుని పడుకున్నాను. మా అత్తమ్మ నోటికి జడిసి గ్యాలరీలో పిల్లలు కూడా గట్టిగా ఏడ్చేవారు కాదు. అలాంటి మనిషి చెంగున లేచి, తలకు నూనె రాసుకుని, కిందికి పోయి పేడాల మిఠాయి డబ్బా తెచ్చి, మొదటి గుమ్మం నుంచి చివరి గుమ్మందాకా పంచింది. మిగిలినవి పై అంతస్తుకు కూడా పంపింది. పడుకున్న మగవాళ్ళంతా లేచి కూర్చుని తిన్నారు. "ఏం ముసలోడా, తాతవైతివి" అని మా మామను ఆటపట్టిస్తుంటే నేను లోపల పమిట మొహం మీద కప్పుకుని పడుకున్నాను. సిగ్గుపడుతున్నదని మురిసిపోయారు. సిగ్గే మరి. కాకపోతే వాళ్ళు అనుకున్న సిగ్గు కాదు.

ఆ సాయంత్రం సండాసుకు పోతే మంట. ప్రాణం పోయేంత మంట. రాత్రంతా పొత్తికడుపులో నొప్పి, తెల్లారేసరికి చలిజ్వరం. అత్తమ్మ హడలిపోయి, పొద్దెక్కగానే నా రెక్క పట్టుకుని గల్లీ చివర లేడీ డాక్టరు దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడ ఇంకో అవమానం కాచుకుని ఉంది. డాక్టరమ్మకు తెలుగు రాదు, నాకు హిందీ రాదు. మా ఇద్దరి మధ్యా అత్తమ్మ. వెనక ఒక పలచటి పరదా, దాని అవతల బల్లల మీద మా గల్లీ వాళ్ళే, సగం మంది తెలుగువాళ్ళే. డాక్టరమ్మ పరీక్ష చేసి, తల అడ్డంగా ఊపి, "పేట్ సే నహీ హై" అన్నది. కడుపు లేదన్న ఆ ముక్క నాకూ అర్థమైంది. అత్తమ్మ మొహంలో రక్తం దిగిపోయింది. నేను ఆమెను చూడలేకపోయాను. నిన్న పంచిన పేడాలే కళ్ళ ముందు కదిలాయి.

డాక్టరమ్మ ఏదో అడిగింది. అత్తమ్మకు మెల్లగా మాట్లాడటం రాదు.

"దినానికి ఎన్ని నీళ్ళు తాగుతవంటున్నది?"

"తాగుతలేను అత్తమ్మా."

"తాగుతలేవా? ఈ ఎండలల్ల? ఎందుకే?"

నేను తల వంచుకున్నాను. పరదా అవతల మాటలు ఆగిపోయాయి. అత్తమ్మ నా గదవ పట్టుకుని పైకెత్తి, "ఎందుకు తాగుతలేవో చెప్పు పిల్లా" అన్నది. అప్పుడిక ఏడుపు ఆగలేదు.

"తాగితే పోవాలె గద. అందరు అడ్డం పండిరి. మామ పండె. ఎట్ల దాటిపోను? నన్ను ఊరికి మాత్రం తోలకు అత్తమ్మా, నీ కాళ్ళు మొక్కుత."

డాక్టరమ్మ "క్యా బోలీ?" అని అడిగింది. రెండోసారి అడిగితే అత్తమ్మ, "శరమ్ ఆతీ ఉస్‌కో" దానికి సిగ్గు అని మాత్రం చెప్పి ఊరుకుంది. ఆమె గొంతు అంత చిన్నగా వినడం నాకు అదే మొదటిసారి. గోళీలు రాసిచ్చి, నీళ్ళు బాగా తాగించమని డాక్టరమ్మ పంపేసింది.

దారిపొడుగునా అత్తమ్మ గబగబా ముందు నడిచింది. నన్ను పంపించేస్తుంది, ఇక అంతే, అనుకున్నాను. మెట్లెక్కేసరికి మధ్యాహ్నం అయింది. గ్యాలరీ నిండా మళ్ళీ అవే చాపలు, అవే కాళ్ళు. వదిన గుమ్మంలోంచి, "ఏమన్నది పెద్దమ్మా, డాక్టరు? ఎన్నో నెలనంట?" అని కేకేసింది.

మెల్లగా పక్కకు పిలిచి చెబుతుందని ఒక చిన్న ఆశ. మా అత్తమ్మ సంగతి తెలిసి కూడా! నడుముకు చెంగు దోపి, గ్యాలరీ మొదట్లో నిలబడి మొదలుపెట్టింది.

"కడుపు లేదు, గిడుపు లేదు! నిన్న నేను పంచిన పేడాలు ఉత్తయే. నీళ్ళు తాగక పడ్డది పిల్ల. మీరంత పీనుగులోలె అడ్డం పంటే ఆడిది సండాసుకు ఎట్ల పోతది? మీద దుంకిపోతదా? ఊరికి తోలుడు లేదు ఏం లేదు. తోలితే మిమ్మల్ని తోలాలె. ఏమయ్యో, మొదలు నువ్వు లెవ్వు!"

చివరిమాట మా మామకు. ఆయన గబుక్కున లేచి, లుంగీ సర్దుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకొకాయన. అలా చివరిదాకా ఒక్కొక్కరే కాళ్ళు ముడుచుకుని, మొహాలు గోడకు తిప్పుకుని కూర్చున్నారు. ఇంతలో అత్తమ్మ లోపలికి పోయి నీళ్ళ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పో."

భూమి బద్దలైపోతే బాగుండుననిపించింది. అన్ని వీపుల పక్కనుంచి, జ్వరం ఒంటితో, డబ్బా పట్టుకుని నేను నడిచిన ఆ నడక ఇప్పటికీ కల్లోకి వస్తుంది. లోపలికి పోయి గడియ పెట్టుకుని, ముందు కాసేపు ఏడ్చాను. బయటికి ఎలా రావాలా, ఎవరి మొహం ఎలా చూడాలా అని ఎంతసేపు ఉండిపోయానో తెలియదు. ఎవరో తలుపు తట్టారు.

"జల్ది రావే చెల్లె, మేమున్నం గద!"

వదిన గొంతు. గడియ తీశాను. వదిన చేతిలో డబ్బా. ఆమె వెనక చివరి ఖోలీ బాలింత, చేతిలో డబ్బా. వాళ్ళ వెనక పెళ్ళికెదిగిన ఆడపిల్లలు, పిల్లల తల్లులు, ఏళ్ళ తరబడి ఆ చాల్‌లోనే కాపురం చేస్తున్నవాళ్ళు. అందరి చేతుల్లోనూ డబ్బాలే. మగవాళ్ళు మళ్ళీ పడుకునేలోపే పోయి రావాలన్నట్టు ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డారు.

అందరికంటే చివర మా అత్తమ్మ నిలబడి ఉంది. నేను ఎదురుగా వస్తుంటే డబ్బాను చెంగు చాటుకు లాక్కుని, మొహం అటు తిప్పుకుంది.