కుసుమ పక్కన చోటు

ఆదివారం పొద్దున పదింటికి తిమ్మయ్యన్న బైండింగు షాపు తెరిచి ఉండడం చూసి మా చిక్కడపల్లి గల్లీలో సగంమంది కంగారుపడ్డారు. మందుల షాపాయన నన్ను ఆపి మరీ అడిగాడు, ముసలాయన ఒంట్లో బాగానే ఉందా అని. అడగడంలో తప్పులేదు. యాభై ఏళ్లుగా ఆదివారం పూట ఆ షట్టర్ లేవడం ఎవరూ చూడలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, చంకలో బైబిలు పెట్టుకుని తొమ్మిదింటికల్లా చర్చికి బయల్దేరే మనిషి, ఇప్పుడు ఒట్టి బనియన్‌తో కూర్చుని మైదా జిగురు కలుపుకుంటూ యేసయ్య పాట పాడుకుంటున్నాడు. శ్రుతీ లేదు, తాళమూ లేదు. ఆయన ఒంట్లో ఇంత బాగా ఈ మధ్య ఎప్పుడూ లేదని మందుల షాపాయనకు నేనే చెప్పాను.

నా పేరు నళిని. లైబ్రరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. చినిగిన పుస్తకాలు బైండింగుకు పంపించడం నా పనుల్లో ఒకటి కాబట్టి తిమ్మయ్యన్నతో నాకు పరిచయం పాతదే. ఆయన బైండింగు చేసిన పుస్తకం విసిరి కొట్టినా విప్పుకోదు. ఫారాలు, అంటే మడత పెట్టిన పేజీల కట్టలు, విడదీసి, దారంతో కుట్టి, వీపుకు గుడ్డ అంటించి, పురుగు పట్టకుండా జిగురులో ఇంత మైలుతుత్తం వేసి, బరువు కింద ఒక రోజు ఉంచితే తప్ప దాన్ని పుస్తకం అనడు. అశోక్ నగర్ నుంచి గ్రూప్స్‌కు చదివే పిల్లలు జిరాక్స్ కట్టలు తెచ్చి స్పైరల్ వేయమంటారు. వేస్తాడు గానీ, ఆ వేసినంతసేపూ మొహం ఆముదం తాగినట్టు పెడతాడు.

పుట్టింది ముషీరాబాదులో. తండ్రిదీ బైండింగు పనే. ఇంట్లో పెట్టిన పేరు తిమ్మయ్య, చర్చి పుస్తకంలో తిమోతి. పిలిస్తే రెండింటికీ పలుకుతాడు. ముప్ఫై ఏళ్లు సంఘ పెద్దగా ఉన్నాడు. సంఘ పెద్ద అంటే పెద్ద పదవి ఏమీ కాదు. బెంచీలు సర్దడం, కొత్తగా వచ్చినవాళ్లకు పాటల పుస్తకం చేతికివ్వడం, ఎవరింట్లో జబ్బుంటే వెళ్లి ప్రార్థన చేసి రావడం. ఈ పనులన్నీ ఇష్టంగానే చేశాడు. భార్య కుసుమ ఉన్నన్నాళ్లూ చర్చిలో పాట ఎత్తేది ఆవిడే. ఆవిడ గొంతు ఉండబట్టి ఈయన గొంతు ఎవరికీ వినపడలేదని నేను ఎగతాళి చేస్తే, అవునని ఒప్పుకుంటాడు.

వాళ్లకు పిల్లలు లేరు. తొమ్మిదేళ్ల కింద కుసుమ కిడ్నీ జబ్బుతో పోయింది. ఆస్పత్రిలో చివరిరోజుల్లో ఆవిడ అడిగింది ఒకటే. తనను ఎక్కడో ఒక్కదాన్నే వదిలిపెట్టొద్దని. తిమ్మయ్యన్న మాటిచ్చాడు. మన ఊళ్లో సమాధుల తోటల్లో జాగా కరువు. అందుకని కొందరు భార్యాభర్తలు ఒకే గుంటను రెండు లోతులు తవ్విస్తారు. ముందు పోయినవాళ్లు కింద, తర్వాత పోయినవాళ్లు పైన. కుసుమకు నారాయణగూడ అవతల అట్లాగే రెండు లోతులు తవ్వించాడు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అటే పోయి, ఓ గంట కూర్చుని, ఇంటికి వచ్చేవాడు.

ఇక చర్చి సంగతి. నేను ఆ మతం మనిషిని కాను, నాకెందుకు అనుకోవచ్చు. కానీ కళ్లముందు జరిగేదానికి మతమేముంది? పేరు చెప్పను గానీ, ఆరేళ్ల కింద ఆ చర్చి కమిటీ ఎన్నికల్లో రెండు ప్యానెళ్లు పుట్టాయి. పోస్టర్లు వేశారు, ఇల్లిల్లూ తిరిగారు, కోర్టుకెక్కారు. ఒక క్రిస్మస్ ఆరాధన పోలీసుల కాపలాలో జరిగింది. మా గుడి కమిటీ కూడా ఏం తక్కువ తినలేదు లెండి, ఉత్సవ విగ్రహం ఎవరు మొయ్యాలన్న దగ్గర ఒకాయన చెయ్యి విరిగింది. అయితే మాకు గుడి మానేస్తే ఇంట్లో ఒక పటం ఉంటుంది, దండం పెట్టుకుంటే సరిపోతుంది. తిమ్మయ్యన్నకు నలుగురితో కలిసి మోకరించడమే భక్తి.

ఆ మోకరించే చోటే ఆయన మనసు విరిగింది. నెలకోసారి వాళ్లకు ప్రభువు బల్ల ఉంటుంది. చర్చిలో ముందున్న చెక్క రెయిలింగ్ దగ్గర అందరూ వరసగా మోకరిస్తే, అయ్యగారు, అంటే పాస్టరు, తలా ఒక రొట్టె ముక్కా కాస్త ద్రాక్షరసమూ ఇస్తాడు. పగవాడితో రాజీపడి వచ్చి అది తీసుకోవాలని వాళ్ల నియమం. అట్లాంటి బల్ల దగ్గర, ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఒక ప్యానెల్ వాళ్లు ఎడమవైపూ రెండో ప్యానెల్ వాళ్లు కుడివైపూ మోకరించడం అలవాటు చేసుకున్నారు. మధ్యలో నలుగురు పట్టేంత ఖాళీ. తిమ్మయ్యన్న పోయి ఆ ఖాళీలో మోకరించాడు. వెనకనుంచి ఎవరో ఆయన భుజం తట్టి, ఇటా అటా తేల్చుకొమ్మన్నారట. ఆయన లేచి, ఏమీ తీసుకోకుండానే వెనక్కి వచ్చి కూర్చున్నాడు. యాభై ఏళ్లలో బల్ల తీసుకోకుండా తిరిగి రావడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం నాకు ఈ సంగతి చెబుతూ తలెత్తలేదు.

మరి మానేయరాదా అన్నాను. నాకు సహనం తక్కువ, ముందు అదే అంటాను.

"మానేస్తే కుసుమ ఒక్కతే అయితది నళినమ్మా" అన్నాడు.

అప్పుడు బయటపడింది అసలు భయం. సమాధిలో పెట్టాలంటే, ఈయన మా సంఘంలో సభ్యుడు అని చర్చి కార్యదర్శి లెటర్ ఇవ్వాలట. సభ్యత్వం పోతే లెటర్ లేదు. లెటర్ లేకపోతే కుసుమ పైనున్న చోటు తెరవరు. కార్యదర్శి ఉమాకాంత్ ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. ఎదురు మాట్లాడిన ప్రతి ముసలివాణ్ణీ నవ్వుతూ ఒకటే అడుగుతాడట, రేపు మీ లెటర్ మీద సంతకం ఎవరు పెడతారండీ అని. అంతే, ఎంత గట్టివాడైనా మెత్తబడి కూర్చుంటాడు. ఆరేళ్లు తిమ్మయ్యన్న మింగలేక కక్కలేక ఆ బెంచీ మీద కూర్చున్నది ఇందుకు.

పోయిన నెల ఆ మెత్తబడ్డ మనిషి చేతిలోనే ఒక కాగితం పెట్టారు. అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే ఇరవై ముగ్గురు ఆడపిల్లలు ఆ చర్చిలో సభ్యులు. ఈసారి ఎన్నికల్లో వాళ్ల ఓట్లు అవతలి ప్యానెల్‌కు పడతాయని ఉమాకాంత్ లెక్క. వీళ్లెవరూ మా సంఘస్థులు కారు, వీళ్లను నేనెప్పుడూ ఆరాధనలో చూడలేదు అని పాత సంఘ పెద్దగా తిమ్మయ్యన్న దాని మీద సంతకం చేస్తే, అది కోర్టులో పెడతారు. ఆ పిల్లల్లో ఆమని అని ఒకమ్మాయి ఉంది. సూర్యాపేట వైపు నుంచి వచ్చింది, నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఆ చర్చిలో వాక్యం చదువుతుంది. వాళ్ల అమ్మమ్మ బైబిలు అట్టలు ఊడిపోతే తిమ్మయ్యన్నే కుట్టిచ్చాడు. అటువంటి పిల్లను ఎప్పుడూ చూడలేదని ఎట్లా రాస్తాడు?

శనివారంలోగా ఇవ్వమన్నారు. గురువారం ఆయన నా దగ్గరికి వచ్చి ఆ కాగితం చూపించాడు. సంతకం పెట్టాల్సిన చోట బొటనవేలితో రుద్దీ రుద్దీ అక్కడ కాగితం మాసిపోయింది.

"అబద్ధానికి సంతకం పెడితే కుసుమ దగ్గరికి ఏ మొకం పెట్టుకొని పోవాలె? పెట్టకుంటె అసల్ పోనే పోను" అన్నాడు.

ఉమాకాంత్‌ను నాలుగు తిట్టాను. దానివల్ల నాకు కాస్త హాయి కలిగింది తప్ప ఆయనకు ఒరిగింది ఏమీ లేదు. మర్నాడు, ఆదివారం కాకపోయినా, ఆయన సమాధుల తోటకు పోయాడు. కుసుమను అడుగుదామని పోయానన్నాడు తర్వాత.

అక్కడ అంజి అని ఒకాయన ఉంటాడు. గుంటలు తవ్వించేదీ, రిజిస్టరు రాసేదీ, గేటుకు తాళం వేసేదీ ఆయనే. తొమ్మిదేళ్లుగా వారం వారం ఇద్దరూ నమస్తే అంటే నమస్తే అనుకుంటారు. అంతకుమించి మాటల్లేవు. ఆ రోజు తిమ్మయ్యన్న శుక్రవారం పూట రావడం, వచ్చినవాడు సమాధి మీద చెయ్యి వేసి ఏడవడం చూసి అంజి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఏమైందని అడిగితే ఈయన లెటర్ సంగతి చెప్పాడు.

"ఏ లెటరే అన్నా?" అన్నాడట అంజి. "లెటర్ కొత్త జాగ అడిగెటోళ్లకు. నీది ఎన్నడో నీ పేరు మీద రాసిచ్చిన జాగ. గా జాగ తెరువనీకి సంగమెందుకు, లెటరెందుకు?"

తిమ్మయ్యన్న నమ్మలేదు. అంజి లోపలికి తీసుకుపోయి రిజిస్టరు తీసి చూపించాడు. కుసుమ పేరు, తేదీ, రెండు లోతులు అని రాసి ఉంది. కింద ఇంకో గీతలో, పై చోటు భర్త తిమ్మయ్యకు అని తొమ్మిదేళ్ల కిందే రాసి ముద్ర వేసి ఉంది. ఆ రోజు భార్యను మట్టిలో పెట్టిన మనిషికి ఎవరు ఏం రాశారో చూసే తెలివి ఎక్కడిది? చావు సర్టిఫికెట్టు, తెలిసినవాళ్లు ఎవరైనా రాసిచ్చే ఒక్క చీటీ ఉంటే చాలన్నాడు అంజి. పైగా నెలకు ఒకరన్నా ముసలివాళ్లు వచ్చి ఇదే అడిగి ఏడుస్తారని కూడా చెప్పాడట.

నాకు ఈ మాట విన్నాక వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. తొమ్మిదేళ్లు! వారం వారం ఆ గేటులోంచి పోతూ, ఆ మనిషికి నమస్తే పెడుతూ, ఒక్కసారి అడగలేకపోయాడా? అదే అడిగాను. తన గుంట గురించి తానే అడగడం అపశకునమనిపించిందట, పైగా సిగ్గనిపించిందట. పుస్తకంలో ఒక్క పేజీ తప్పిపోతే పట్టుకునే మనిషి, తన బతుకులో ఇంత పెద్ద సంగతి ఇంకొకడి నోటిమాట మీద నమ్మాడు. తిట్టాను, తిట్టి నవ్వాను. ఆయనా నవ్వాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, బనియన్‌తో మొహం తుడుచుకుని, మళ్లీ నవ్వాడు.

తర్వాత ఒక మాట కాస్త నసుగుతూ చెప్పాడు. తాను పోతే కబురు చెప్పి చీటీ రాసివ్వాల్సిన మనిషి పేరు అంజి అడిగాడట. అక్కడ నా పేరు రాయించి వచ్చాడు. నన్ను అడగకుండా ఎట్లా రాయించావని కసిరాను పైకి. ఆయనకు నేనున్నానని ఆయన అనుకోవడం నాకు చాలా సంతోషమైంది.

ఇప్పుడు ఆదివారాలు ఎట్లా గడుస్తున్నాయో చెప్పాలి. పగలంతా పని, పాట. సాయంత్రం అయిదింటికి షాపులో ముగ్గురు నలుగురు చేరతారు. ఆమని వచ్చి ఒక అధ్యాయం చదువుతుంది. జిరాక్స్ కట్టల మీద కూర్చునే అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటారు. నేను టీ కోసం పోయి కూర్చుంటాను, అట్లా అని చెప్పుకుంటాను. అక్కడ ఎడమా కుడీ లేవు, మూడు స్టూళ్లు వేస్తే నాలుగోదానికి చోటుండదు. చర్చి గుర్తుకొస్తుందా అని ఒకసారి అడిగితే, గంట కొట్టినప్పుడు వస్తుందన్నాడు. దేవుడి మీద మాత్రం ఆయనకు ఎన్నడూ కోపం లేదు.

ఇంతకీ, గడువు పెట్టిన ఆ శనివారం చర్చి ఆఫీసుకు నేనూ వెంట పోయాను. తోడుకని చెప్పాను గానీ, నిజానికి ఉమాకాంత్ మొహం చూడాలని పోయాను. టేబుల్ మీద ఇంకు ప్యాడ్ తెరిచి పెట్టుకుని, కుర్చీ చూపించి, నీళ్లు తెప్పించి మర్యాదలన్నీ చేశాడు. తిమ్మయ్యన్న కూర్చోలేదు. ఉమాకాంత్ ఇచ్చిన కాగితం తిరిగి ఆయన ముందే పెట్టి, తాను రాసుకొచ్చిన ఇంకో కాగితం దాని మీద పెట్టాడు. అందులో ఉన్నది మూడు వాక్యాలు. ఆ ఇరవై ముగ్గురు పిల్లలూ మన సంఘస్థులే, వాళ్లందరినీ నేను ఆరాధనలో చూశాను. ఈ మాట ఎవరు అడిగినా చెబుతాను. ఈ రోజు నుంచి నా పేరు సభ్యుల పట్టికలోంచి తీసేయండి.

ఉమాకాంత్ రెండుసార్లు చదివాడు. తొందరపడొద్దన్నాడు, వయసు గుర్తుచేశాడు, కుసుమగారు ఈ చర్చికి ఎంత చేశారో చెప్పాడు. తిమ్మయ్యన్న వింటూ నిలబడ్డాడు. చివరికి ఉమాకాంత్ అలవాటుగా మెత్తగా నవ్వి ఆ పాత ప్రశ్న అడిగాడు.

"అంతా బాగానే ఉంది తిమోతి గారూ. రేపు మీకేమన్నా అయితే, మీ సమాధి సంగతి ఎవరు చూస్తారండీ?"

తిమ్మయ్యన్న రిజిస్టరు సంగతి చెప్పి ఆ నవ్వు దించేస్తాడేమో అని నేను ఆశగా చూశాను. ఆయన అదేమీ చెప్పలేదు.

"గా సంగతి నేనూ కుసుమా ఎన్నడో మాట్లాడుకున్నం సార్" అన్నాడు. "మీరు ఫికర్ జెయ్యకుండ్రి."