బోసి నుదురు

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర పాత సినిమా తారల ఫోటోలు అమ్మకానికి పెడితే వెళ్లాను. ఒక్కో ఫోటోకి కొన్ని ప్రింట్లే వేశారట. ఓ మూల నా చిన్నప్పటి అభిమాన నటి కనబడింది. అదే బ్లాక్ అండ్ వైట్ ఫోటో! గబగబా వెళ్లి చెయ్యి చాపాను.

“అద్దం ముట్టుకోకండి మేడం, లిమిటెడ్ ఎడిషన్,” అన్నాడు అమ్మేవాడు. ఒళ్లు మండింది.

ఈ ఫోటో పామర్రులో మా ఇంట్లోనే ఉండేది. విజయవాడలో ఓ స్టూడియోవాళ్లు నాలుగైదు కాపీలే కడిగితే, మా బాబాయి బతిమాలి నాకొకటి తెచ్చాడు. లక్ష్మీదేవి పటం పక్కన ఖాళీ మేకుంటే దానికి తగిలించాను. శుక్రవారం బడి నుంచి వచ్చి చూద్దును కదా, నా హీరోయిన్ నుదుటన రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు!

తడిగుడ్డతో తుడిస్తే ముఖమంతా ఎర్రగా అలుక్కుపోయింది. సినిమాలంటే గిట్టని నాయనమ్మ కావాలనే పాడుచేసిందని ఇల్లు పీకి పందిరేశాను.

“లక్ష్మీదేవికి పెట్టి, పక్కనున్న ఆడపిల్లని బోసి నుదురుతో వదిలేస్తానటే?” అంది నాయనమ్మ.

ఆ మాట నా చెవికెక్కలేదు. ఫోటో అటక మీదికి విసిరేశాను. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు.

ఇప్పుడు అద్దం వెనక ఒక్క మరకైనా లేకుండా, ఆనాడు నేను ఎలా ఉండాలని ఏడ్చానో సరిగ్గా అలాగే ఉంది. ఎంతసేపు చూసినా ఎవరో పరాయి మనిషిలా అనిపించి చిరాకేసింది.

“ప్యాక్ చేయించమంటారా మేడం?” అన్నాడతను.

“ఇది కాదండీ,” అని వచ్చేశాను.