రెండో గ్లాసు షర్బత్

గుంటూరులో బండి మీద సుగంధి షర్బత్ కలుపుతుంటే, నేను ముందు బండాయన వేళ్ళు చూస్తాను. అది చిన్నప్పుడు పట్టుకున్న రోగం.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ప్రత్తిపాడులో మా ఇంటి వసారాలో పొద్దుటి నుంచి అమ్మా నేనూ మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. మధ్యాహ్నానికి అమ్మ కళ్ళు తిరిగి మంచం మీద వాలిపోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"చల్లగా, తియ్యగా ఏదన్నా కలిపియ్యవే" అంది.

సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. కుండనీళ్ళలో సుగంధి పాకం, నానిన సబ్జా గింజలు వేసి, నిమ్మచెక్కను పిండి, పంచదార వేసి, కరిగేదాకా చేత్తోనే కలిపాను.

ఒక గుక్క తాగి అమ్మ ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పులుపెక్కువైందా అమ్మా?"

"లేదే, బాగుంది" అని మొత్తం తాగేసింది.

నీరసానికి ఏడుస్తోందనుకున్నాను. ఏం చెయ్యాలో తోచక, ఇంకాస్త పంచదార వేసి ఇంకో గ్లాసు కలిపాను, మళ్ళీ చేత్తోనే. అదీ తాగింది. కన్నీళ్ళు మాత్రం ఆగలేదు. నా వేళ్ళతో తుడిచాను. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని నా మణికట్టు పట్టుకుంది.

"చాల్లే తల్లీ, చల్లబడ్డాను."

భయమేసి నాకూ ఏడుపొచ్చింది. కళ్ళు నలుపుకున్నాను. భగ్గున మండాయి. అరుస్తూ కుండ దగ్గరికి పరిగెత్తాను.

"ముందు చేతులకి నూనె రాసుకోవే, ఆ కారం సబ్బుకి పోదు" అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే.

ఆమెకు మొదటి గుక్కకే తెలుసు.