వెంట్రుకంత గరగర

బాబాయికి ఎక్కడ చూసినా గరగరే. తలుపు తీస్తే గరగర, కుర్చీ జరిపితే గరగర, పలకరించడానికొచ్చిన చుట్టం గొంతులోనూ గరగరే. "కాస్త వేడెక్కితే పోతుందండీ," అంటూ ఆ చుట్టం చేతిలో వేన్నీళ్ల గ్లాసు పెట్టాడు. చుట్టం మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

తప్పు ఆయనది కాదు, వృత్తిది. స్టూడియోల్లో మాట గట్టిగా వస్తే తగ్గించి, సన్నగా వస్తే పెంచే పెట్టెలు బాగుచేస్తాడు. ఆ పని చేసే చిప్పు వోల్టేజీ చెప్పినట్టు వింటుంది గానీ, పుట్టుకతోనే కాస్త వంకర; అదే మాటలో గరగరగా వినిపిస్తుంది. పెట్టె మూత విప్పి, లోపలున్న ఆవగింజంత ప్రీసెట్ మరను స్క్రూడ్రైవరుతో తిప్పి ఆ వంకర తీయాలి. అదీ చిప్పు వేడెక్కాకే. చల్లగా ఉండగా తిప్పితే పని మళ్లీ మొదటికొస్తుంది.

"అయిందా?" అని భోజనానికి పిలుస్తూ అడిగేది పిన్ని.

"ఇంకో వెంట్రుకంత."

"మీ వెంట్రుకలన్నీ కలిపితే ఈపాటికి జడేసుకోవచ్చు."

బాబాయి రిపేరు కొట్లోనే ఆడుకుని పెరిగిన అన్నకూతురికి వార్తలు చదివే ఉద్యోగానికి పిలుపొచ్చింది. తీరా స్టూడియోకి వెళ్తే, బల్ల కింద నుంచి బాబాయి తల బయటికొచ్చింది. మోకాళ్ల దగ్గర మాసిన ప్యాంటు, చెవి మీద స్క్రూడ్రైవరు.

"ఆయన మీకు తెలుసా?" అంది పక్కనున్న అమ్మాయి.

"ఎవరో రిపేరు మనిషనుకుంటా."

అన్నాక బాబాయి వైపు చూసింది. వెంట్రుకంత గరగర పట్టే చెవులకు ఆ మాట వినపడకుండా ఉంటుందా? ఆమెకు తల కొట్టేసినట్టయింది. అయినా దిద్దుకోలేదు. బాబాయి తల మళ్లీ బల్ల కిందకు పోయింది.

మైకు ముందు కూర్చునేసరికి ఆ సిగ్గే గొంతుకు అడ్డం పడింది. మొదటి వాక్యం జీరబోయింది, రెండోది మధ్యలోనే విరిగింది. గొంతులు ఎంపిక చేసే పెద్దాయన "ఇక చాలమ్మా" అనబోయాడు.

"తప్పు మాదండీ," అంటూ బాబాయి లేచాడు. "చిప్పు ఇంకా వేడెక్కలేదు. ఆ గరగర మా పెట్టెది."

"మీ పెట్టెలో గరగరా?" పెద్దాయన తెల్లబోయాడు. అంతకుముందు ఆ మాటన్న స్టూడియోలతో మాటలే మానేసిన మనిషి బాబాయి.

"పెద్దతనం కదండీ, చెయ్యి వణుకుతోంది. మేడమ్ గారూ, ఈలోగా మీరు కాస్త వేన్నీళ్లు తాగండి."

మేడమ్ గారి ముందు తన ఫ్లాస్కు పెట్టి, పరాయివాడిలా తల వంచుకుని, పెట్టె మీదికి వంగాడు. తిప్పాడు, విన్నాడు, మళ్లీ తిప్పాడు. ఆమె ఆ చేతినే చూస్తోంది. ఆయన పెట్టె మూత విప్పనే లేదు. అంత శ్రద్ధగా తిప్పుతున్నది మూతకు బిగించిన స్క్రూని.

సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. ఆ వేడి గొంతులోకీ దిగింది కాబోలు, ఈసారి చివరిదాకా తడబడకుండా చదివింది.

"బాగుంది. రేపట్నుంచి రామ్మా," అన్నాడు పెద్దాయన. బాబాయి వైపు తిరిగి, "ఆ పెట్టె సంగతి మాత్రం సరిగ్గా చూడండి. మీరే ఇలా చేస్తే ఎలా?" అన్నాడు.

"చూస్తానండీ," అన్నాడు బాబాయి.

ఇక ఆమె వల్ల కాలేదు. "పెట్టెలో ఏమీ లేదండీ. గరగర నాది. ఆయన మా... మా బాబాయి."

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వేశాడు. "సరే, రేపు వేడెక్కాకే రామ్మా."

బాబాయి స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని, ఫ్లాస్కు మళ్లీ ఆమె ముందుకు జరిపాడు.

"ఆ 'బాబాయి' అన్న దగ్గర ఇంకో వెంట్రుకంత ఉందమ్మడూ."